రేవు మూతి దగ్గర కుర్చీలు

రూరోర్ట్,
10 ఫిబ్రవరి 1988

లుడ్గర్,

ఒంట్లో బాగుందా? పోయిన ఆదివారం ఫోన్ చేస్తే "ఆఁ", "ఊఁ" తప్ప నీ నోట్లోంచి మాట ఊడిపడలేదు. మా తమ్ముడి చేత మాట్లాడించాలంటే వాడి చేతికి కాగితం ఇచ్చి గది తలుపు వేసెయ్యాలి అనేవాడు మీ అన్నయ్య హెరిబెర్ట్. అందుకే రాస్తున్నాను.

సంగతి పడవ గురించి. "థెక్లా" ఇక్కడి క్లబ్బు రేవులో ఉండేది మే నెలాఖరు దాకానే. వాళ్ళు పొమ్మనలేదు, నేనే ఉండనన్నాను. హెరిబెర్ట్ పోయిన దగ్గర్నుంచి ఆ రేవులో అడుగు పెడితే చాలు, ఒకరు చేతిలో తాడు లాక్కుంటారు, ఒకరు కాఫీ పోస్తారు, ఒకరు "వదిలెయ్యమ్మా, మేం చూసుకుంటాం" అంటారు. పళ్ళ డాక్టరు ఓస్టర్‌కాంప్ అయితే పడవ ఎంతకిస్తావని ఇప్పటికే మూడుసార్లు అడిగాడు. ఆ లోగా నాకు సరిపడే రేవు దొరికితే పడవ ఉంటుంది. దొరక్కపోతే ఆయనకే ఇచ్చేస్తాను. మీ అమ్మ పేరు పెట్టుకున్న పడవ పళ్ళ డాక్టరు పాలవుతుంది, ఆపైన నీ ఇష్టం.

నువ్వు ఎలాగూ రోజూ సైకిలేసుకుని రైను నది గట్టునే తిరుగుతావు. వేజెల్ నుంచి ఎమ్మెరిష్ దాకా ఉన్న రేవులు చూసి రాయి. స్నానాల గదులూ, సరుకుల కొట్లూ నాకక్కర్లేదు. పడవలు లోపలికొచ్చే రేవు మూతి ఎటు తిరిగి ఉంది, ఎంత వెడల్పు ఉంది, మూతి దగ్గర హోటలుందా, ఉంటే ఆరుబయట కుర్చీలెన్ని, ఇవి చాలు.

గురువారం సాయంత్రాలు ఫోన్ చెయ్యకు, ఇంట్లో ఉండను.

సోమవారం కార్నివాల్ ఊరేగింపు రోజున నువ్వు తలుపులేసుకుని కూర్చుంటావని తెలుసు. ఇన్నేళ్ళు బేకరీలో ఊరందరికీ పండగ బూరెలు వేయించిన మనిషివి, ఈసారైనా ఎవరో వేయించింది ఒకటి తిను.

మీ వదిన,
రోస్విత

---

రేస్,
21 ఫిబ్రవరి 1988

వదినకు నమస్కారం.

మీ ఉత్తరం అందింది. ఒంట్లో బాగానే ఉంది. బూరె తిన్నాను. నూనె సరిగా కాగలేదు.

మొదట మా ఊరి కింద ఉన్న రేవుకు వెళ్ళాను. చలికాలం కదా, పడవలన్నీ గుడారపు గుడ్డలు కప్పుకుని ఉన్నాయి. రేవు చూసుకునే టెర్హోర్స్ట్ అనే ఆయన ఒక్కడే, గొలుసుకు తుప్పు గీకుతున్నాడు. మూతి ఎటు ఉందని అడిగాను.

"మూతి ఎటుంటే మీకేంటి? పడవ కొన్నారా?"

"లేదు. వదిన అడిగింది."

"ఎటుంటుంది, దిగువకే. ఎగువకు పెడితే నది తెచ్చే బురదా, మోడులూ, చచ్చిన గొర్రెలూ అన్నీ మా ఇంట్లోకే. గాలివానకెదురుగా నోరు తెరుచుకుని నిలబడతామా?"

నేను ఈ నది పక్కనే పుట్టి పెరిగాను. రేవులన్నీ దిగువకే మూతి తిప్పుకుని ఉంటాయన్న సంగతి ఎన్నడూ గమనించలేదు. వచ్చేటప్పుడు సరుకు పడవల రేవు కూడా చూశాను. అదీ అంతే. మరి ఎగువ నుంచి వచ్చే పడవ లోపలికి ఎలా దూరుతుంది? అది అడగడం మరిచిపోయాను. ఈసారి అడుగుతాను.

వెడల్పు బాగానే ఉంది, రెండు పడవలు పక్కపక్కన వెళ్తాయి. హోటలుంది. ఇప్పుడు మూసి ఉంది. కుర్చీలు లోపల ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి, కిటికీ లోంచి చూస్తే నలభై దాకా ఉన్నాయి. వేసవిలో ఒక్కటీ ఖాళీ ఉండదట. "మాకిక్కడ టిక్కెట్టు లేని సినిమా" అన్నాడు టెర్హోర్స్ట్. ఏం సినిమా అంటే, పడవలు లోపలికి రావడమేనట. జనం బీరు పట్టుకుని అదే చూస్తూ కూర్చుంటారట.

మీరు ఒంటరిగా ఉంటున్నారు. నలుగురి మధ్యన ఉండడం మంచిది. కుర్చీలు ఇన్ని ఉన్నాయి కాబట్టి ఈ రేవే తీసుకోండి అని నా సలహా.

గురువారం ఫోన్ చెయ్యను. మామూలుగా కూడా చెయ్యను కదా.

లుడ్గర్

---

రూరోర్ట్,
29 ఫిబ్రవరి

ఓరి నా పిచ్చి మరిదీ,

కుర్చీల లెక్క అడిగింది ఎక్కువున్న చోటికి పోదామని కాదు, లేని చోటికి పోదామని! నలభై కుర్చీలా! నలభై కుర్చీలంటే ఎనభై కళ్ళు. నాకు నన్నెరిగిన వాళ్ళు లేని చోటు కావాలి. ఎరగని వాళ్ళు కూడా తక్కువ ఉంటే మరీ మంచిది.

మూతి దిగువకే ఉండాలని డ్రెసెల్ గారు కూడా అన్నారు. ఎదురు ప్రవాహంలో నెమ్మదిగా వస్తే పడవ చెప్పినట్టు వింటుందట, వాలున వస్తే నది చెప్పినట్టు వింటుందట. ఆయన చాలా ఓపిగ్గా చెబుతారు. బల్ల మీద కాఫీ కప్పులూ, పంచదార గిన్నే పెట్టి నదిని చూపించారు. పంచదార గిన్నె సరుకు పడవ. అదొచ్చినప్పుడు అందరం పక్కకు జరగాలి.

ఇంకో రేవు చూడు. ఎమ్మెరిష్ వైపు వెళ్ళు. చలికి మెడకు ఏమైనా చుట్టుకో. హెరిబెర్ట్ ఉన్ని మఫ్లరు పార్సెల్ చేస్తున్నాను, బీరువాలో పడుంటే పురుగులు తింటాయి.

రోస్విత

---

రేస్,
2 ఏప్రిల్ 1988

వదినకు,

ఆలస్యానికి కారణం వరద. రెండు వారాలు గట్టు కింది దారి నీళ్ళలో ఉంది. రేపు ఈస్టరు, ఇవాళ నీళ్ళు తీశాయి.

మఫ్లరు అందింది. వెచ్చగా ఉంది.

వరదలోనే ఒక రోజు గట్టు పైనుంచి మా రేవు చూడబోయాను. మీకు వద్దన్నారు గానీ నాకు చూడాలనిపించింది. పడవలు కట్టే బల్లకట్లు నీళ్ళ మీద తేలుతుంటాయి కదా, అవి ఇనుప స్తంభాలు పట్టుకుని నిచ్చెనెక్కినట్టు పైకెక్కాయి. హోటలు గుమ్మమూ, పడవల అంచులూ ఒకే ఎత్తులో ఉన్నాయి. తెగిపోతాయేమో అని భయపడ్డాను. ఒక్కటీ తెగలేదు. నదికి ఎదురు చెప్పకుండా, చోటు కూడా వదలకుండా ఎలా ఉండాలో వాటికి ఎవరో నేర్పినట్టుంది.

ఇవాళ పొద్దున ఎమ్మెరిష్ దారిలో రెండో రేవు చూశాను. కంకర తవ్వుకుని వదిలేసిన పెద్ద గుంట అది. మూతి సన్నం, దిగువకే ఉంది. చుట్టూ తుమ్మలాంటి పొదలు. హోటలు లేదు. కుర్చీలు లేవు. ఒక బెంచీ ఉంది, దానికీ ఒక పలక ఊడిపోయింది. మనిషి కనబడలేదు. ఎవరూ చూడకూడదనుకునే వాళ్ళకు అనువైన చోటు.

డ్రెసెల్ గారు ఎవరో నాకు తెలియదు, తెలుసుకోవలసిన పనీ లేదు. ఆయనకు రేవుల సంగతి అంత బాగా తెలిస్తే ఆయనే వచ్చి చూసుకోవచ్చు. నా సైకిలు ఎలాగూ పాతది.

మీ ఊరు వచ్చి అన్నయ్య సమాధి దగ్గర పూల మొక్కలు పెట్టి వెళ్ళాను. మీరు ఇంట్లో లేరు. గురువారం అది. ఆయన పోయి సెప్టెంబరు వస్తే గానీ ఏడాది కాదు. థెక్లాను ఇంకో ఏడాది రూరోర్ట్‌లోనే ఉంచితే నష్టమేమిటో నాకు అర్థం కాలేదు. అక్కడ అన్నయ్యను ఎరిగిన వాళ్ళున్నారు.

ఈస్టరు శుభాకాంక్షలు.

లుడ్గర్

---

రూరోర్ట్,
10 ఏప్రిల్

లుడ్గర్,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి కూడా మాటలు చలి పుట్టించాయి.

మా ఊరి దాకా వచ్చి, ఒక చీటీ అయినా పెట్టకుండా వెళ్ళిపోయావు. సైకిలు పాతదంటావు. ఇంకో ఏడాది ఆగమంటావు. నాకిప్పుడు వెలుగుతోంది. పడవ నీకు కావాలి, అంతేనా? మీ అమ్మ పేరున్న పడవ మీ ఇంటి వాళ్ళ దగ్గరే ఉండాలనీ, ఎక్కడి నుంచో వచ్చిన కోడలికి దాంతో పనేమిటనీ నీ మనసులో ఉంటే తిన్నగా చెప్పు. హెరిబెర్ట్ నీకేమైనా మాటిచ్చాడా? ఇచ్చి ఉంటే నేను అడ్డం రాను. డాక్టరుకు ఇచ్చేదాని కంటే నీకిచ్చినా నయమే.

గుంట రేవు బాగుందనిపిస్తోంది. ఆ ఒక్కదానికీ నీకు థాంక్స్.

రోస్విత

---

రేస్,
14 ఏప్రిల్ 1988

వదినా,

పడవ నాకక్కర్లేదు. అన్నయ్య నాకే మాటా ఇవ్వలేదు. నాకు ఈత కూడా రాదు. పడవలో ఎక్కించుకున్నప్పుడల్లా వెనక బల్ల మీద కూర్చుని ఎప్పుడు దిగుతామా అని చూసేవాణ్ణి.

అడగకూడదనుకున్నాను. మీరు తిన్నగా చెప్పమన్నారు కాబట్టి తిన్నగా అడుగుతున్నాను. అన్నయ్య కూర్చున్న చోట, ఆ చుక్కాని చక్రం ముందు, ఇకమీదట డ్రెసెల్ గారు కూర్చుంటారా?

కూర్చుంటే కూర్చోనివ్వండి. రేవు వెతకడం మాత్రం నా చేత కాదు.

లుడ్గర్

---

రూరోర్ట్,
24 ఏప్రిల్

నా వెర్రి లుడ్గర్,

డ్రెసెల్ గారు కూర్చోరు. నేను కూర్చుంటాను.

ఆయనకు డెబ్బై ఒకటో ఏడు. చెవిలో మిషను. గురువారం సాయంత్రాలు బడిలో పెద్దవాళ్ళకి పడవ నడిపే క్లాసు చెబుతారు. క్లాసులో మేం పదకొండు మందిమి, ఆడదాన్ని నేనొక్కదాన్నే. ఆయనకు నా పేరు ఇప్పటికీ సరిగ్గా రాదు, "ఏమండీ, నీలం కోటావిడా" అంటారు. నిన్న శనివారం పరీక్ష అయింది. పాసయ్యాను. లైసెన్సు చేతికి వచ్చాక చెబుదామని దాచాను. తప్పితే నవ్వుతావని. నువ్వు నవ్వవని నాకు తెలుసు, అయినా దాచాను.

నువ్వు ఏమనుకున్నావో తలుచుకుని ముందు కోపం వచ్చింది. తర్వాత ఇస్త్రీ చేస్తూ చేస్తూ ఎంత నవ్వొచ్చిందంటే చొక్కా కాలర్ మాడిపోయింది.

కుర్చీల కథ చెబుతాను విను. మీ అన్నయ్య బంగారం లాంటి మనిషి, అది నీకూ తెలుసు. ఇంట్లో "రోసీ, రోసీ" తప్ప మరో పిలుపు లేదు. కానీ పడవ రేవు మూతిలోకి తిరిగిందా, ఆయనకు ఏదో పూనేది. ఆయన చక్రం దగ్గర, నేను ముందు తాడు పట్టుకుని. "ఎడమకు! తాడు! ఆ స్తంభం కాదు, దద్దమ్మా, ఆ స్తంభం!" ఏ ఊరి రేవైనా అదే పాట. కుర్చీల్లో ఉన్న వాళ్ళంతా గ్లాసులు దించి చూసేవాళ్ళు. ఒకసారి నేను తాడుతో సహా నీళ్ళలో పడ్డాను. చప్పట్లు కొట్టారు. ఒకాయన లేచి "మళ్ళీ! మళ్ళీ!" అన్నాడు. హెరిబెర్ట్ ఆ రాత్రి నాకు పూలు కొనుక్కొచ్చాడు. చక్రం మాత్రం ఇవ్వలేదు. నేనూ అడగలేదు. ముప్పై వేసవులు అలాగే గడిచాయి.

ఆయన మీద కోపం లేదు. ఆయన ఉంటే ఇప్పటికీ ముందు నిలబడి తిట్లు తినేదాన్ని, అదీ నిజమే. కానీ ఆయన లేడు. థెక్లాను నా చేతులతో రేవులోకి తేగలనా లేదా అన్నది తేల్చుకోవాలి. తేగలిగితే ఉంచుకుంటాను. లేకపోతే డాక్టరుకి తాళాలు. నవ్వేవాళ్ళు లేని రేవు అడిగింది అందుకు. అత్తగారు ఇన్నాళ్ళూ ఆయన మాట విన్నది, ఇకనైనా కోడలి మాట వింటుందేమో చూద్దాం.

ఇప్పుడు చెప్పు, గుంట రేవేనా?

వదిన

---

రేస్,
9 మే 1988

వదినా,

మిమ్మల్ని, ఆ డ్రెసెల్ గారిని అనుకోకూడనిది అనుకున్నాను. క్షమించండి. ఇంతకన్నా రాయడం నాకు రాదు.

మీరు రాసింది చదివాక కుర్చీల్లో కూర్చునేవాళ్ళు ఎలాంటివాళ్ళో చూడాలనిపించింది. నిన్న ఆదివారం మా రేవు హోటలుకు వెళ్ళి ఒక కుర్చీలో కూర్చున్నాను. మధ్యాహ్నమంతా అక్కడే. ఒక బీరు తాగాను, తర్వాత ఇంకొకటి.

మీరు చెప్పింది నిజమే. నవ్వుతారు. హాలండ్ నుంచి వచ్చిన ఒకాయన అడ్డంగా తిరిగి స్తంభానికి గుద్దుకున్నాడు. నా పక్క బల్ల వాళ్ళు కడుపు పట్టుకుని నవ్వారు. కానీ ఆ తర్వాత జరిగింది చూశాను. అందరికంటే గట్టిగా నవ్విన మనిషే అందరికంటే ముందు లేచి పరుగెత్తాడు. తాడు అందుకుని కట్టింది ఆయనే. తర్వాత ఇంకో పడవ, అదీ అంతే. నవ్వడం, పరుగెత్తడం, కట్టడం, మళ్ళీ వచ్చి కూర్చుని మిగిలింది తాగడం. అడిగితే ఒకాయన "మేమంతా ఒకప్పుడు అలా గుద్దుకున్నవాళ్ళమేనండీ" అన్నాడు.

సాయంత్రం గుంట రేవుకు కూడా వెళ్ళాను. ఒక ముసలాయన పడవలో ఒంటరిగా వచ్చాడు. నవ్వేవాళ్ళు లేరు. తాడు అందుకునేవాళ్ళూ లేరు. ఆయన చక్రం వదిలి ముందుకు పరుగెత్తేసరికి గాలి పడవను అవతలికి తోసేసింది. మళ్ళీ చక్రం దగ్గరకు, మళ్ళీ ముందుకు. చూస్తున్న నాకు గట్టు మీద నుంచి సాయం చేసే దారి కూడా లేదు, మధ్యలో కంచె ఉంది. చివరికి ఎలాగో కట్టుకున్నాడు.

మీరు ఒక్కరే నడుపుతారు కదా. అందుకని కుర్చీలు మంచివో చెడ్డవో నాకిప్పుడు తెలియడం లేదు. మీరే చెప్పాలి.

ఎగువ నుంచి వచ్చే పడవ ఎలా దూరుతుందో కూడా చూశాను. మూతి దాటి కిందికి వెళ్ళిపోయి, అక్కడ తిరిగి, ఎదురీదుకుంటూ వస్తుంది. చూడ్డానికి బాగుంది.

లుడ్గర్

---

రూరోర్ట్,
20 మే

లుడ్గర్,

నాలుగు రోజులు ఆలోచించాను. నీ మీద కోపం తెచ్చుకుందామని చూశాను, కుదర్లేదు.

కుర్చీల రేవుకే వస్తున్నాను. టెర్హోర్స్ట్ గారికి ఫోన్ చేసి చోటు అడిగాను. "కుర్చీల గురించి అడిగించిన వదిన మీరేనా?" అన్నాడు. నా పరువు నాకంటే ముందే అక్కడికి చేరిందన్నమాట.

29, ఆదివారం. పొద్దున్నే ఇక్కడ బయలుదేరతాను, వాలున కాబట్టి మధ్యాహ్నానికి మీ దగ్గరుంటాను. ఒక్కదాన్నే. నువ్వు పడవ ఎక్కొద్దు, గట్టు మీద నిలబడి చేతులూపొద్దు. అందరిలాగే ఒక కుర్చీలో కూర్చో. నవ్వొస్తే నవ్వు.

రాత్రి నిద్రలో కూడా పంచదార గిన్నె ఎదురొస్తోంది.

రోస్విత

---

రేస్,
4 జూన్ 1988

వదినా,

ఆ సాయంత్రం రైలెక్కుతూ "నాకేం కనబళ్ళేదు, ఏం వినబళ్ళేదు, నువ్వు చూసింది చూసినట్టు రాయి" అన్నారు. రాస్తున్నాను.

ఎండ బాగా ఉంది. ఒక్క కుర్చీ ఖాళీ లేదు. నా పక్కన నీలం టోపీ పెట్టుకున్న లావుపాటాయనా, ఆయన భార్యా ఆస్పరాగస్ కాడలు తింటున్నారు. వాళ్ళ పడవ రేవులోనే ఉంది. థెక్లా వంపు తిరిగి కనబడగానే ఆయన కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఆడమనిషి. ఒక్కతే. ఇవాళ సినిమా బాగుంటుంది" అన్నాడు.

"నోట్లోది మింగి మాట్లాడు" అంది భార్య.

మీరు మూతి దాటి కిందికి వెళ్ళిపోయారు. ఆయన "అదిగో, భయపడి పారిపోయింది" అన్నాడు.

"తిరగాలి కదండీ. మూతి దిగువకు కదా ఉంది" అన్నాను నేను. గట్టిగానే అన్నట్టున్నాను, వెనక బల్ల వాళ్ళు కూడా నా వంక చూశారు.

అప్పుడే ఒక సరుకు పడవ వచ్చి మిమ్మల్ని కప్పేసింది. చాలా పొడుగుది. అది వెళ్ళేదాకా ఏం జరుగుతోందో తెలియలేదు. వెళ్ళాక చూస్తే మీరు నదికెదురుగా తిరిగి ఉన్నారు. నెమ్మదిగా వచ్చారు. మూతిలోకి తిప్పేసరికి నది వెనక భాగాన్ని పట్టుకుని తోసింది. ముక్కు రాళ్ళ వైపు వెళ్ళింది. మీరు ఇంజను వెనక్కు వేసి మళ్ళీ నదిలోకి వెళ్ళిపోయారు. అందరూ నవ్వారు. మీరు విన్నారేమోనని భయపడ్డాను, వినలేదన్నారు, మంచిది. నేను నా గ్లాసు లోకి చూశాను. డాక్టరు గారికి తాళాలు వెళ్ళిపోయాయనే అనుకున్నాను.

తల ఎత్తేసరికి మీరు మళ్ళీ వస్తున్నారు. ఈసారి మొదటి దాని కంటే పై నుంచి తిప్పారు. నవ్వులు ఆగిపోయాయి. ఎందుకో తెలియదు, మంచి చోట సినిమా ఆపేసినట్టు అందరూ ఆగిపోయారు. పడవ లోపలికి వచ్చింది. ఎడమ వైపు స్తంభాన్ని ఒరుసుకుంది, రంగు జానెడు మేర పోయింది, సోమవారం చూశాను. తాడు విసిరారు. దాన్ని అందుకున్నది ఆ నీలం టోపీ ఆయనే. మెడలో తినేటప్పటి గుడ్డ అలాగే ఉంది. ఆయన వెనక ఇంకా ఏడెనిమిది మంది. నేను ఎందుకు లేచి రాలేదని అడిగారు. కుర్చీలో కూర్చోమన్నది మీరే కదా. అంతే.

నేనూ, టోపీ ఆయన భార్యా మాత్రం కుర్చీల్లో మిగిలాం.

"ఎవరావిడ?" అంది.

"మా వదిన."

"ఒక్క అరుపు అరవలేదు, గమనించారా?"

"అరవడానికి పడవలో ఎవరూ లేరు" అన్నాను.

"అదే నేనూ అనేది" అని, భర్త పళ్ళెంలో మిగిలిన కాడ తీసుకుని తినేసింది.

ఓస్టర్‌కాంప్ గారికి తాళాలు ఇవ్వనని చెప్పినట్టు మీ కార్డు అందింది. సంతోషం. టెర్హోర్స్ట్ మీ పేరు పలక మీద రాయించి పెట్టాడు. హెరిబెర్ట్ గారి భార్య అని రాయలేదు, ఆయనకు అన్నయ్య ఎవరో తెలియదు కదా. రోస్విత అని ఉంది.

ఇంకొకటి. నిన్న పొద్దున గట్టు మీద వెళ్తుంటే ఆ దంపతుల పడవ బయటికి వెళ్తోంది. చక్రం దగ్గర ఆవిడ. ముందు తాడు పట్టుకుని టోపీ ఆయన. అరుపులు నది అవతలి ఒడ్డుకు కూడా వినబడి ఉంటాయి. "ఎడమకు తొయ్యి! ఎడమకు! నీ బుర్ర ఎక్కడ పెట్టావు, మొద్దూ!" అరుస్తున్నది ఆవిడ. ఆయన వంగి ఎడమకు తోస్తున్నాడు.

సైకిలు దిగి చాలాసేపు చూశాను. ఇన్నేళ్ళూ అరిచింది అన్నయ్య కాదేమో, ఆ చక్రమేమో అనిపించింది.

వచ్చే ఆదివారం పడవలో వెళ్దామన్నారు. వస్తాను. ముందు నిలబడి తాడు పట్టుకోమంటే పట్టుకుంటాను. మీరు ఏమని పిలిచినా పలుకుతాను.

లుడ్గర్